రజిత గొంతు

జూలై 24

వాన వదల్లేదు. తొమ్మిదో తరగతిలో సగం మందే.

కొత్తవాడ అనూష చెప్పిన కథ, గొంతూ రాతా రెండూ, నిన్న బడి సైటులో పెట్టాం. వెనక వాళ్ళ తాత జంపఖానా మగ్గం చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇవాళ పొద్దున చూస్తే కథ కింద ఎవరో రాశారు. మరమగ్గాల పనికి భీవండి వెళ్ళిన వాళ్ళ చిన్నాయనట. "బిడ్డా, మన మగ్గం సప్పుడు ఇన్న. కండ్లల్ల నీళ్లు తిరిగినై." అనూష నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. సంతోషపడుతుందనుకున్నాను. మొహం వేలాడేసుకుని ఉంది. "మేడం, మూడో లైన్ల తప్పు వోయింది. చిన్నాయిన సూసిండు. జల్ది మార్సుండ్రి."

నేను ఎర్ర ఇంకుతో సున్నాలు చుడితే ఏనాడూ పట్టించుకోని పిల్ల.

ఇన్నేళ్ళు వ్యాసాలు రాయించాను. గైడులో ఉన్న చినుకులే, గైడులో ఉన్న పచ్చదనమే. రాసింది నేనొక్కదాన్నే చదువుతానని పిల్లలకు తెలుసు, నాకు కావలసిందే రాసిచ్చి వెళ్ళిపోయారు. సొంత మాట ఒక్కటి కాగితం మీద పెట్టకుండా ఎంతమంది వెళ్ళారో నా చేతుల మీదుగా... ఈ పని ఎప్పుడో చేయాల్సింది.

లెక్కలు చెప్పే ఖాజా సారే పిల్లల కోసం ఈ ‘మా ముచ్చట’ సైటు తయారుచేసింది. ఆయనతో అంటే, "అప్పుడు గివన్ని యాడున్నయ్ మేడం. ఫికర్ జెయ్యకుండ్రి."


జూలై 29

రజిత. చివరి బెంచీ, గోడ పక్క. చదవమంటే నిలబడి పుస్తకం వైపు చూస్తూ ఉండిపోతుంది. ఒత్తులన్నీ తప్పులు. రెండు వాక్యాలు రాసి పెన్ను మూసేస్తుంది.

ఇవాళ కథ చెప్పడం తన వంతు. బడి ట్యాబ్ తీసుకుని వరండా చివరికి వెళ్ళిపోయింది. మాకు వీపు తిప్పి, ట్యాబ్ పెదాల దగ్గర పెట్టుకుని, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

స్టాఫ్ రూములో విన్నాను. వాళ్ళ నాన్నది ఆటో. ఒక ముసలామె ఆ ఆటోలో మేకపిల్లను మరిచిపోయి దిగిపోయిందట. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ములుగు రోడ్డంతా ఆమె కోసం వెతుకుతూ పోతుంటే, మధ్యలో ఎక్కినవాళ్ళు ఒకరొకరే జరిగి దానికి చోటిచ్చారట. "మ్యాక గుడ గిరాకే అనుకున్నరు." ఎక్కడ ఆగాలో తెలుసు ఈ పిల్లకు. ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు.

నవ్వుతుంటే ఖాజా సార్ వచ్చి ఒక ఇయర్‌ఫోన్ లాక్కున్నాడు. "గీ పిల్లనా? మన రజితనా?"

మనకు తెలియదు సార్. ఏడాదిగా ఎదురుగా కూర్చుంది, తెలియలేదు.


ఆగస్టు 6

తన మాట తనే విని రాస్తోంది. ఒక ముక్క వింటుంది, ఆపుతుంది, రాస్తుంది, మళ్ళీ వెనక్కి. ఏ అక్షరం కింద ఏ ఒత్తో పక్కనున్న అనూషను గిల్లి అడుగుతోంది. పేజీ నిండింది. తిప్పింది. అదీ నిండింది.

"గిన్ని మాటలు నాయేనా మేడం?"


ఆగస్టు 7

ఇవాళ గట్టిగా చదివింది. తను రాసిందే. తడబడింది... ఆగలేదు.


ఆగస్టు 13

ఇంత బాగా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక నల్లా దగ్గర పళ్ళెం కడుగుతోంది. కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

"మా బాపుకు చెప్పీ చెప్పీ, మేడం."

వాళ్ళ నాన్న ఐలయ్యకు చదువు రాదట. ఒక్క అక్షరం రాదు. ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. స్టేషన్ దగ్గర ఆటో అడ్డాలో పొద్దున్నే పేపర్ పట్టుకుని కూర్చుంటాడు. వార్తలు ఇంట్లో టీవీలో ముందే విని వెళ్తాడు కాబట్టి అందరితో సమానంగా మాట్లాడతాడు. గిరాకీ వచ్చి ఫోన్‌లో అడ్రస్ చూపిస్తే జేబు తడుముకుంటాడు. "అద్దాలు మర్సిపోయిన, జర సదివి చెప్పుండ్రి." ఆయనకు అసలు అద్దాలే లేవు.

రజితకు కూడా చాలాకాలం తెలియదు. ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు వాళ్ళమ్మ జ్వరంతో పడిపోయింది. రజిత పక్కింటి ఫోన్ నుంచి చేస్తే ఎత్తలేదు, మెసేజ్ కొట్టింది. బాపూ, అమ్మ పడిపోయింది, జల్ది రా. నీలం టిక్కులు పడ్డాయి. అంటే చూశాడు. రాలేదు. పక్కింటివాళ్ళే దవాఖానకు తీసుకెళ్ళారు. సాయంత్రం ఎప్పటిలాగే నవ్వుకుంటూ వచ్చాడు, చేతిలో జామకాయలు.

"నేను మస్తు తిట్టిన మేడం. నువ్ బాపువే గాదన్న. ఏమనలే. ఫోన్ తీసి నా చేతికిచ్చిండు. ‘గిండ్ల ఏం రాసున్నదో జర సదువు బిడ్డా’ అన్నడు."

ఆ రోజు నుంచి వాయిస్ మెసేజులే పెడుతోంది. బడి ముచ్చట్లు, ఇంటి ముచ్చట్లు, కోతి వచ్చి పక్కింటి వడియాలు ఎత్తుకుపోయిన ముచ్చట. గిరాకీ లేనప్పుడు ఆటోలో కూర్చుని వింటాడట. బాగుంటే నవ్వి తిరిగి పంపుతాడు. నవ్వు ఒక్కటే, మాటలుండవు.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట - "ఇది చెప్పు రజితా. ఇదే నీ కథ."

"అమ్మో... వద్దు మేడం."


ఆగస్టు 20

మళ్ళీ అడిగాను. పేర్లు లేకుండా అయితే చెబుతానంది. చెప్పింది. ఒక ఊర్లో ఒక పిల్ల, ఆ పిల్లకు ఒక నాన్న. విన్నాను. చప్పగా ఉంది. ఎవరో ఎక్కడో.

"నీ బాపు పేరుతోనే చెప్పు. అడ్డా పేరుతోనే చెప్పు. నిజం చెబితేనే వినేవాళ్ళకు తగులుతుంది రజితా."

తల ఊపింది. పిల్లలందరికీ చెప్పే మాటే. ఎప్పుడూ పనిచేసే మాటే.


ఆగస్టు 22

చెప్పింది. వరండా చివర, వీపు మాకు తిప్పి.

ఇంతకంటే రాయలేను దాని గురించి. పళ్ళెం కడుగుతూ నాతో చెప్పినదానికన్నా బాగా చెప్పింది. జామకాయల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ట్యాబ్‌లో గాలి చప్పుడు, దూరంగా రైలు కూత. తర్వాత మెల్లగా, "ఉప్పుకారం గుడ తెచ్చిండు, పొట్లంల గట్టి."

రాసింది నేను కూర్చుని సరిచేశాను. "అన్నడు" తీసి "అన్నాడు". "మస్తు" తీసి "చాలా". "జల్ది" తీసి "త్వరగా". పక్కనే నిలబడి చూసింది.

"మేడం, నేను చెప్పినట్టు లేదు."

"చదివేవాళ్ళందరికీ అర్థం కావాలి కదా. రాతలో ఇట్లా ఉండాలి."

"ఊ."

సైటులో పెట్టనా అంటే, "బాపును అడిగి చెప్త."


ఆగస్టు 26

జిల్లాలో బడుల వెబ్‌సైట్ల ప్రదర్శన పెడుతున్నారు. సైటులో ఉన్న కథల్లో ఒకటి పంపాలి. ఇవాళ సాయంత్రమే ఆఖరు, రేపటి నుంచి పండుగ సెలవు. హెచ్ఎం మేడం రెండుసార్లు వచ్చింది. "మంచిదొకటి పంపాలె పద్మా. బడికి పేరు రావాలె."

రజిత నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. జ్వరమని అనూష చెప్పింది. వాళ్ళమ్మ నంబరుకు చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

పెట్టేశాను. గొంతూ, నేను సరిచేసిన రాతా. మేకపిల్ల కథకు తెచ్చిన ఫొటోనే మళ్ళీ వాడాను, ఆటోకు ఆనుకుని ఐలయ్య. రాసిన కాపీ జిల్లాకు పంపాను.

తండ్రి మీద ఇంత ప్రేమతో చెప్పిన కథ. ఏ తండ్రి వద్దంటాడు.


ఆగస్టు 30

ఖాజా సార్ ఫోన్. "మన సైటుకు గింతమంది ఎన్నడు రాలే మేడం. లింకు గ్రూపులల్ల తిరుగుతాంది."

హనుమకొండ బస్సులో కథ కింద రాసినవి ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చాను. ఏడిపించావు తల్లీ. మా నాన్న గుర్తొచ్చాడు. ఈ పాపకు చెప్పించిన టీచరుకు దండాలు. ఆ చివరిది మళ్ళీ చదివాను. మరోసారి చదివాను.

వాటి మధ్య ఎవరిదో ఒకటి - "గీయిన మన అడ్డా ఐలన్న గాదు?"

చూసి కిందికి జరిపాను.


సెప్టెంబర్ 2

రజిత వచ్చింది. నా వైపు చూడలేదు. గంట కొట్టాక అందరూ వెళ్ళేదాకా ఆగి, బల్ల దగ్గరికి వచ్చింది.

"అడిగి చెప్త అన్న గదా మేడం."

అంతే. సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.


సెప్టెంబర్ 3

రజిత వాళ్ళమ్మ లక్ష్మి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

అడ్డాలో ఎవరో లింకు నొక్కి స్పీకర్‌లో పెట్టారట. ఐలయ్య గిరాకీని దింపి తిరిగొచ్చేసరికి చాయ్ హోటల్ ముందు గుంపు, కథ అయిపోవస్తోంది. ఈయనను చూసి ఆపేశారు. నవ్వు మాత్రం ఆపలేదు. "ఐలన్నా, అద్దాలు తెచ్చుకున్నవా?" మొదట ఆయన కూడా నవ్వాడట. మర్నాడు ఒకడు పేపర్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "గీ లైన్ సదివి చాయ్ తాగు." ఆటో స్టార్ట్ చేసుకుని వచ్చేశాడు.

"దసర ఎల్లినంక ఆయిన్ని అడ్డాకు పెద్దమనిషిని జేద్దామనుకున్నరు మేడం. పంచాయితి ఏదున్నా మా ఆయిననే పిలుస్తుండె. గిప్పుడు ‘కాయితాలు వస్తే ఎవలు సదువుతరు’ అంటాండ్రట."

నేను ఏదో అనబోయాను.

"మీరు మంచిగ జేద్దామనే జేసిండ్రు కావచ్చు. గని ఇంట్ల ఆయిన మొకం సూడలేకపోతాన. బిడ్డతోని మాట్లాడ్తలేడు. ఇది గుడ ఫోన్ ముట్టుకుంటలేదు. రోజు అరుసుకుంట నవ్వుకుంట ఉండేటోళ్లు... ఇల్లు పాడువడ్డట్టే ఉన్నది."

వెళ్ళిపోయింది. నేను క్షమించమని అననేలేదు.

సాయంత్రం రజితను పిలిచాను. తీసేస్తున్నానని చెప్పాను.

"అంత తీసేయుండ్రి మేడం. నా గొంతు యాడ ఉండద్దు."

సైటు నుంచి, ట్యాబ్ నుంచి, నా ఫోన్ నుంచి, ఖాజా సార్ కంప్యూటర్ నుంచి. ప్రతిచోటా తనే నొక్కింది. నిజంగా తీసేయాలా అని యంత్రం అడిగిన ప్రతిసారీ అవునని నొక్కింది. మేకపిల్ల కథ కూడా.

"జనం లింకే పంచుకున్నరు, ఫైలు ఎవ్వల కాడ లేదు. ఇగ ఎవ్వలు వినలేరు మేడం." ఖాజా సార్ నాకు ధైర్యం చెబుతున్నాడు.

జిల్లాకు వెళ్ళిన రాత మాత్రం వెనక్కి రాదు.


సెప్టెంబర్ 4

లింకు నొక్కి చూశాను. తెల్ల పేజీ. మళ్ళీ నొక్కాను. ఏం చూద్దామని...


సెప్టెంబర్ 9

బడి అయ్యాక అడ్డాకు వెళ్ళాను. ఐలయ్యను చూసి ఒక్క మాట చెప్పాలని. ఆటోల వరుసలో లేడు. ఎవరిని అడగాలో తెలియక నిలబడితే చాయ్ తాగుతున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. నేనెవరో చెప్పకముందే గుర్తుపట్టాడు.

"బడి మేడమా? ఆయిన ఇటు వస్తలేడు. హన్మకొండ బస్టాండ్ దిక్కు ఆటో కొడ్తాండు అంటాండ్రు."

ఎందుకు నవ్వారని అడిగాను. కోపంగానే అడిగాను. ఎవరి మీద కోపమో...

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మాకు తెల్వదా ఏంది మేడం? ఎప్పటిసంది తెల్సు. పక్కపక్కన గూసుంటం, తెల్వకుంట ఎట్లుంటది? అద్దాలు మర్సిపోయిన్నంటే మేమే సదివిచ్చేటోళ్లం. ఎవ్వలు ఏమనకపోయేది. గిప్పుడు ఫోన్ల వచ్చె, ఊరంత విన్నరాయె. ఇగ తెల్వనట్టు ఎట్లుండాలె మీరే చెప్పుండ్రి."

బస్సు ఎక్కలేదు. చాలా దూరం నడిచాను.

రజిత దాచాననుకున్నది, ఐలయ్య దాచాననుకున్నది అందరికీ తెలుసు. అయినా ఎవరూ బయటపెట్టకుండా ఆ మనిషి చుట్టూ నిలబడ్డారు ఇన్నేళ్ళు. మాట పెదవి దాటనివ్వకపోవడం కూడా భాషేనేమో. నేను నేర్పే భాషలో అది లేదు. నాకే రాదు.


సెప్టెంబర్ 12

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. కాజీపేట డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. "నీ ఉద్దేశం మంచిదే కదా." ఖాజా సార్ కూడా అదే. లక్ష్మి కూడా అదే అంది, అంత బాధలోనూ.

ఇంకెవరూ ఆ మాట అనకుండా ఉంటే బాగుండు. అడిగి చెప్తానని పిల్ల అంది. నేను ఆగలేదు. జరిగింది అదీ.


సెప్టెంబర్ 16

జిల్లా నుంచి ఫోన్. రజిత కథకు మొదటి బహుమతి. భాష శుద్ధంగా ఉందని మెచ్చుకున్నారట. రజిత వేదిక మీద చదవాలట.

హెచ్ఎం మేడం స్వీట్లు తెప్పించింది. రజిత రాదని చెప్పాను. బహుమతి వద్దని రాసిద్దామన్నాను.

"ఏమైంది పద్మా నీకు? పేపర్ల వస్తది, కలెక్టర్ సార్ వస్తడు..."

వద్దన్నాను. నాతో ముభావంగా ఉంది సాయంత్రం దాకా. ఉండనీ.

రజితకు బహుమతి సంగతి చెప్పకుండా ఉండలేను, ఈసారి దాచడం ఇంకో తప్పవుతుంది. చెప్పాను. "మీరు రాసిందానికి వచ్చింది గద మేడం" అంది. వెటకారం లేదు ఆ మాటలో. ఉన్న సంగతి చెప్పింది, అంతే.


సెప్టెంబర్ 19

రేపటి తర్వాత దసరా సెలవులు. గ్రౌండులో పిల్లలు బతుకమ్మ ఆడారు. తంగేడు, గునుగు, ఎవరింటి దగ్గర దొరికినవి వాళ్ళు తెచ్చారు. రజిత గోడకానుకుని నిలబడింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. పక్కకు జరగలేదు. చప్పట్ల చప్పుడు అయిపోయేదాకా అట్లాగే.


అక్టోబర్ 8

బడి తెరిచాక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. రజిత పేపర్ వచ్చింది.

ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. "త్వరగా", "చాలా", "అన్నాడు". వ్యాసం మొదటి పేజీ నుంచి చివరి దాకా గైడులోదే, కామాతో సహా. పండుగ వేళ ముంగిట రంగవల్లులు, ఇంటింటా ఆనందోత్సాహాలు... ఎక్కడా తప్పు లేదు. ఎక్కడా రజిత లేదు.

మంచి మార్కులే పడ్డాయి. వేశాను. ఏ కారణం చెప్పి తగ్గించను?


అక్టోబర్ 10

చదవమన్నాను. నిలబడింది. పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయింది. కూర్చోమన్నాను.


అక్టోబర్ 15

"మా ముచ్చట మల్ల ఎప్పుడు మేడం?" - ముందు బెంచీ పిల్లలు. త్వరలోనే అన్నాను.

ఇంట్లోవాళ్ళను అడగకుండా ఏదీ పెట్టొద్దని, పిల్ల ఎప్పుడు తీసేయమంటే అప్పుడే తీసేయాలని, ఎవరి మాట వాళ్ళ మాటలాగే ఉంచాలని ఖాజా సార్‌తో కూర్చుని అనుకున్నాం. మొదటిరోజే అనుకోవలసినవి.

అనూష వచ్చి చెవిలో చెప్పింది. "మా తాత ఇగ చెప్పద్దన్నడు మేడం. మనింటి ముచ్చట మనింట్లనే ఉండనీ అన్నడు."

మగ్గం చప్పుడు కథ కూడా తీసేశాం. భీవండి చిన్నాయన రాసింది దానితో పాటే పోయింది.


అక్టోబర్ 27

"బంద్ జేద్దామా మేడం?"

ఖాజా సార్‌కు ఇంకా జవాబు చెప్పలేదు.


నవంబర్ 6

బడి వదిలాక గేటు దగ్గర ఆటో. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాల. ఫొటోలో ఉన్నంత ఎత్తు లేడు.

"నమస్తే మేడం. రజిత బాపును."

ఇన్ని వారాలుగా మనసులో కూర్చుకున్నదంతా ఒక్కసారిగా మొదలుపెట్టాను. నాదే తప్పు, పిల్ల వద్దంది, నేను వినలేదు, పిల్లను ఏమీ అనకండి...

చెయ్యి అడ్డం పెట్టాడు. "తప్పే మేడం. నేను కాదన. గని నేనొచ్చింది గందుకు గాదు."

గేటు కడ్డీ పట్టుకున్నాడు.

"అడ్డల విన్నరు. సుట్టపోళ్లు విన్నరు. నా పెండ్లాం విన్నది, విని ఏడ్సింది. అందరు విన్నరు. నేను వినలే. నేనొచ్చేసరికి బంద్ జేసిండ్రు, నవ్వుడొక్కటే ఇనొచ్చింది. నా బిడ్డ నా గురించి ఏం జెప్పిందో... జర వినిపియ్యుండ్రి."

స్టాఫ్ రూములోకి తీసుకెళ్ళాను.

తీసేశామని చెప్పాను. నమ్మలేదు. "ఫోన్ల వోయినయ్ మల్ల తీస్తరు గద మేడం, షాపులల్ల?" ఖాజా సార్ ఇంకా వెళ్ళలేదు, పిలిచాను. కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. ట్యాబ్ తీశాడు. నా ఫోన్ తీసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. "పిల్ల మొత్తం సాఫ్ జేసింది అన్నా."

ఐలయ్య బెంచీ అంచున కూర్చున్నాడు. ఆ మొహం చూసి ఉండలేక, జిల్లాకు పంపిన కాపీ ఉందని, చదువుతానని అన్నాను. తల ఊపి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

చదవడం మొదలుపెట్టాను. ‘మా నాన్నగారు ఆటో నడుపుతారు. ఆయనకు చదవడం రాదు...’ నా గొంతు నాకే పరాయిగా ఉంది. ‘నేను ఆయన మీద చాలా కోపగించుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. తన ఫోన్ నా చేతికిచ్చి...’

"ఆగుండ్రి మేడం."

ఆగాను.

"మంచిగనే ఉన్నది. గని గిది మా రజిత గాదు. అది నన్ను నాన్నగారు అనది. గిట్ల మాట్లాడది."

లేచాడు. ఖాజా సార్ చాయ్ తెప్పిస్తానన్నా ఆగలేదు. తలుపు దగ్గర నిలబడి, మా ఇద్దరి వైపూ కాకుండా గ్రౌండు వైపు చూస్తూ అన్నాడు.

"రోజు పంపేది మేడం. నేనే సోయి లేక ఎప్పటియి అప్పుడే తీసేసేటోన్ని. ఫోన్ నిండుతదని. రేపు మల్ల పంపుతది గదా అని."

ఆటో చప్పుడు రోడ్డు మలుపు తిరిగేదాకా వినిపించింది. పేజీ ఇంకా నా చేతిలోనే ఉంది. ఖాజా సార్ దాన్ని మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాడు.


నవంబర్ 7

రజితకు చెప్పాను. మెట్ల దగ్గర, ఎవరూ లేనప్పుడు.

"బాపు వచ్చిండా? బడికా?"

వచ్చాడన్నాను. నువ్వు చెప్పింది వినాలన్నాడని చెప్పాను.

"కోపంతోని అడిగిండా?"

"లేదు."

చున్నీ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. చుట్టుకుంది.

"మల్ల చెప్పాల్నా మేడం?"

నాలుక చివరికొచ్చింది. చెప్పు రజితా, ట్యాబ్ ఇస్తాను, ఇప్పుడే చెప్పు, ఈసారి ఒక్క అక్షరం ముట్టుకోను... గట్టిగా పళ్ళు బిగించాను.

"అది నీ ఇష్టం."

"ఊ" అని మెట్లు దిగింది. కింది మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "ఫోన్ల అయితే చెప్పొస్తది మేడం. ఎదురుంగ గూసుంటే రాదు నాకు."


నవంబర్ 10

రజిత రాలేదు.


నవంబర్ 11

వచ్చింది. హాజరు పిలిచాను. తన పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగానేమో.

"ప్రెజెంట్ మేడం."

గొంతు బాగా బొంగురుపోయింది. సరిగ్గా బయటికి రావడం లేదు. పక్కనున్న అనూష తిరిగి చూసింది. చలి మొదలైంది, పిల్లల్లో సగం మందికి దగ్గులు. అదే అయివుంటుంది. లేదంటే ఏడ్చి ఉంటుంది. లేదంటే రాత్రంతా ఫోన్‌లో చెప్పీ చెప్పీ...

తర్వాతి పేరు పిలిచాను.